సికింద్రాబాద్ నుంచి నాలుగు స్టేషన్లు

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే మొదటి నాలుగు స్టేషన్లూ వరసగా ఇవి: సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజ్, జామై ఉస్మానియా, విద్యానగర్. గట్టిగా ఇరవై నిమిషాల ప్రయాణం కూడా కాదు. పొద్దుటి బండిలో ఆడవాళ్ల పెట్టె కాలేజీ పిల్లలతో కిటకిటలాడుతుంది. ఒకరి ఒళ్లో ఇంకొకరి బ్యాగు, ఒకే ఇయర్‌ఫోన్స్ ఇద్దరి చెవుల్లో, మధ్యమధ్య ఇంటర్నల్స్ గోల. వాళ్లు రోజూ దాటిపోయే ఈ నాలుగు స్టేషన్ల మధ్యనే, పట్టాలకు అటూ ఇటూ ఉన్న హాస్టళ్లలో, క్లాసు గదుల్లో, వీధుల్లో, యాభై ఏళ్ల కిందట మన కాలేజీ అమ్మాయిలు ఒకరికొకరు అండగా నిలబడ్డారు. ఆ తర్వాత తమకేమీ కాని ఆడవాళ్లకూ అండగా నిలబడ్డారు. ఆ కథ తెలిసినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. ఈ బండిలో వెళ్లే పిల్లలకైనా తెలియాలి.

సికింద్రాబాద్ వాళ్లకు ఉస్మానియా క్యాంపస్ పక్కింటి వాకిలి లాంటిది. తార్నాక, లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పిల్లలు నడిచి వెళ్లిపోయేంత దగ్గర. 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఈ ఊళ్లో ఆడపిల్లల బళ్లు చాలా ముందే వచ్చాయి. సెయింట్ ఆన్స్ 1871 నాటిది. కీస్, వెస్లీ గర్ల్స్ బళ్లలో తల్లీ కూతురూ మనవరాలూ వరసగా చదివిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పది పాసయ్యాక ఏమిటన్నదే చిక్కు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైతే, అమ్మాయిల కాలేజీ 1924లో వచ్చింది. 1949లో అది కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీకి చేరింది. సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీ 1959లో, మారేడ్‌పల్లిలో కస్తూర్బా గాంధీ మహిళా కళాశాల 1973లో వచ్చాయి. ఈ రెండోదాన్ని పెట్టింది నాంపల్లి నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ. ఏటా జనవరిలో టికెట్ కొని నుమాయిష్‌కు వెళ్లిన ప్రతివాళ్లూ, తెలియకుండానే, ఎక్కడో ఒక అమ్మాయి చదువుకు తలా ఓ చెయ్యి వేసినట్టే. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

ఇదే క్యాంపస్ దారిలో ఆంధ్ర మహిళా సభ కాలేజీ కూడా ఉంది. ఆ సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు తలుచుకోకుండా ఆడపిల్లల చెలిమి గురించి తెలుగులో రాయడం కుదరదు. ఆమె డిగ్రీ చదవడానికి ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు గనుక సీటివ్వడం కష్టమన్నారు. ఆమె పత్రికలో ఓ ప్రకటన వేయించారు: హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలుంటే నాకు రాయండి అని. రాశారు. వాళ్లంతా కలిసి తమ హాస్టల్ తామే పెట్టుకున్నారు. సీటు ఒక్కటే ఆవిడకు కావలసి ఉంటే సిఫారసు వెతుక్కునేవారు. తనలాంటి వాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో వెతికారు.

కాలేజీ అమ్మాయిలు ఇలా కలవడం మన దగ్గరే కాదు, అమెరికాలో వాళ్ల సంఘాలకు నూటయాభై ఏళ్లు దాటాయి. 1867లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మన్మత్ కాలేజీలో 12 మంది విద్యార్థినులు ఐ.సి. సొరోసిస్ అనే సంఘం పెట్టుకున్నారు. తర్వాత అదే పై బీటా ఫై అయింది. 1870లో ఇండియానాలో కప్పా ఆల్ఫా థీటా వచ్చింది. మగపిల్లల సంఘాలు తమను చేర్చుకోవు కాబట్టి, అవే ప్రమాణాలు, అవే గ్రీకు అక్షరాలు, అదే బ్యాడ్జీ తమకూ ఉండాలనుకున్నారు. రహస్య కార్యక్రమాలు, సొంత భవనాలు, జీవితాంతం నిలిచే పరిచయాలు అన్నీ వచ్చాయి. వాటితోపాటు ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వద్దనాలి అన్న జల్లెడా వచ్చింది. అందుకే నల్లజాతి విద్యార్థినులు విడిగా సంఘాలు కట్టుకోవలసి వచ్చింది. 1913 జనవరిలో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 22 మంది కలిసి డెల్టా సిగ్మా థీటా పెట్టారు. రెండు నెలలైనా తిరగకముందే, మార్చి 3న, ఆడవాళ్లకు ఓటుహక్కు కోసం వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో నడిచారు. సంఘంగా వాళ్లు జనం ముందుకొచ్చి చేసిన మొదటి పని అదే.

ఉస్మానియా అమ్మాయిలు పట్టింది కూడా ఈ వీధి దారే.

1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో భౌతికశాస్త్ర విద్యార్థి జార్జ్ రెడ్డిని ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర పొడిచి చంపారు. క్యాంపస్ అట్టుడికింది. ఆ తర్వాత రెండేళ్లలో పుట్టిన విద్యార్థి రాజకీయాల్లో అమ్మాయిలు ముందు వరసలో కనిపించారు. అయితే సభల్లో కుర్చీలు నింపడానికి, ఊరేగింపు ముందు నడవడానికి ఆడపిల్లలు కావాలి గానీ, ఆడపిల్లల కష్టం ఎజెండాలోకి రాదన్న సంగతి వాళ్లకు త్వరలోనే అర్థమైంది. 1974లో విడిగా ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్. అందరూ పీఓడబ్ల్యూ అనే పిలిచేవారు. దాన్ని నిలబెట్టినవాళ్లలో కె. లలిత ఒకరు. తర్వాతి రోజుల్లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా తెలుగు పాఠకులకు చిరపరిచితురాలైన గీతా రామస్వామి కూడా ఆ తరం నుంచి వచ్చినవారే.

ఆనాటి లేడీస్ హాస్టల్ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. చీకటి పడేలోగా గేటు దాటి లోపలికి రావాలి. వచ్చినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఇంటి నుంచి ఉత్తరం వస్తే వార్డెన్ చేతుల మీదుగా రావాలి. సభకు వెళ్లాలంటే చుట్టాల పెళ్లి అని చెప్పాలి. పోస్టర్లు రాత్రి పూట తయారయ్యేవి: పాత దినపత్రిక కాగితం నేల మీద పరిచి, దాని మీద బ్రష్షుతో ఎర్ర అక్షరాలు. పక్కన కిరసనాయిలు స్టవ్వు మీద మైదాపిండి జిగురు. అక్షరాలు గుండ్రంగా రాయగల పిల్లకు ఆ రాత్రంతా నిద్ర ఉండదు. తెల్లవారి క్లాసుకు వెళుతూ దారిలో అంటించి వెళ్లిపోవాలి. క్యాంపస్‌లో ఏ సంఘం పోస్టరైనా ఆ రోజుల్లో అలాగే పుట్టేది. అమ్మాయిలకు మాత్రం గేటు తాళం ఒక్కటి అదనం.

వాళ్ల ప్రణాళిక పత్రం ఇప్పుడు చదివినా సూటిగా తగులుతుంది. ఆడదాని బతుకు ఇలా ఉండటానికి వాళ్లు రెండు మూలాలు చూపించారు. ఇది ఆడపని, అది మగపని అని పంచేసిన పద్ధతి ఒకటి. ఆ పంపకాన్ని ధర్మమని చెప్పి నోరు మూయించే సంస్కృతి రెండోది. పేదరికం, భూమి, కూలీ అన్న మాటలే నిండిపోయిన ఆనాటి క్యాంపస్‌లో వంటింటిని ఒక రాజకీయ ప్రశ్నగా ముందుకు తేవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అది కూడా ఇరవై ఏళ్ల పిల్లలు.

పనులు మాత్రం చేతికందే చోట మొదలుపెట్టారు. కాలేజీ గేట్ల దగ్గర, బస్సుల్లో అమ్మాయిల్ని ఏడిపించేవాళ్ల మీద ఉద్యమం. గోడల మీద అసభ్య పోస్టర్ల మీద ఉద్యమం. ధరల పెరుగుదల మీద ఊరేగింపులు. తర్వాత కట్నం. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచే ఉంది. ఫిర్యాదు చేస్తే ఏడాది లోపే చెయ్యాలి, ఇచ్చినవాళ్లూ నేరస్తులే అని అప్పట్లో అందులో ఉండేది. కాబట్టి ఎవరూ నోరెత్తేవారు కాదు. 1975లో పీఓడబ్ల్యూ హైదరాబాద్ వీధుల్లో కట్నానికి వ్యతిరేకంగా ప్రదర్శనలు జరిపింది. భారత మహిళా ఉద్యమ చరిత్రను ‘ది హిస్టరీ ఆఫ్ డూయింగ్’ అనే పుస్తకంగా రాసిన రాధా కుమార్, ఈ కాలపు స్త్రీవాద ఉద్యమంలో కట్నం మీద తొలి నిరసనలు ఇవేనని నమోదు చేశారు. ఢిల్లీ కన్నా ముందు, బొంబాయి కన్నా ముందు, మన ఊళ్లో. సంబంధాలు చూస్తున్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలే ఆ ఊరేగింపుల్లో నడిచారు. చదువు పూర్తయ్యాక తమ కోసం బేరం మొదలవుతుందని వాళ్లకు తెలుసు.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. కొందరు అరెస్టయ్యారు, కొందరు అజ్ఞాతంలోకి వెళ్లారు. సంఘం ఏడాది నిండీ నిండకముందే చెల్లాచెదురైంది. ఎమర్జెన్సీ తర్వాత పీఓడబ్ల్యూ మళ్లీ నిలబడింది, ఇప్పటికీ ఉంది. పార్టీల నీడ లేకుండా పనిచేయాలనుకున్నవాళ్లు మాత్రం వేరే దారి వెతుక్కున్నారు.

ఆ దారి నాలుగో స్టేషన్ దగ్గర మొదలైంది.

విద్యానగర్‌లో దిగి కాస్త నడిస్తే నల్లకుంట. 1978 మార్చి చివర్లో ఒక రాత్రి, సినిమా చూసి ఇంటికి వస్తున్న ఒక పేద ముస్లిం యువతిని పోలీసులు పట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ ఆమె మీద అత్యాచారం చేశారు. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. ఇదేమిటని అడిగినందుకు అతన్ని కొట్టారు, అతను చనిపోయాడు. తెల్లారి శవాన్ని ఎత్తుకుని జనం స్టేషన్ ముందుకొచ్చారు. కాల్పులు, కర్ఫ్యూ. రాష్ట్రమంతా భగ్గుమంది. చరిత్రలో ఇది రమీజాబీ కేసుగా నిలిచింది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఒక్కటే: ఆమె మంచిది కాదు. ఆమె పెళ్లి పెళ్లే కాదు, ఆమె నడత ఫలానా. కమిషన్ ఆ మాటల్ని పక్కనపెట్టి పోలీసులదే నేరమని తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులందరూ విడుదలయ్యారు.

కాలేజీ ఆడవాళ్ల సంఘానికి అసలు పరీక్ష ఇదేనని నేను అనుకుంటాను. రమీజాబీ వాళ్ల క్లాస్‌మేటు కాదు, హాస్టల్‌మేటు కాదు, వాళ్ల వీధి మనిషి కూడా కాదు. చదువుకోలేదు. ఊరంతా ఆమె గుణం గురించి మాట్లాడుతుంటే, చదువుకున్న ఇళ్ల ఆడవాళ్లు కొందరు ఆమె మాట నమ్మారు. నమ్మి ఆమె వైపు నిలబడ్డారు. 1978లోనే స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. కె. లలిత, వసంత కన్నబిరాన్, సూసీ తారు, రమా మేల్కోటే, వీణా శత్రుఘ్న వంటివారు అందులో ఉన్నారు. కొందరు లెక్చరర్లు, ఒకరు డాక్టరు, కొందరు అప్పుడే చదువులు ముగించినవాళ్లు. రమీజాబీ, మథుర లాంటి కస్టడీ అత్యాచారాల కేసుల మీద దేశమంతటా ఆడవాళ్లు చేసిన పోరాటం వల్లనే 1983లో అత్యాచార చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారంలో, నాకిష్టం లేదని ఆమె చెబితే కోర్టు ఆ మాటనే మొదట నమ్మాలన్న నియమం వచ్చింది. నల్లకుంటలో ఆమె మాట చెల్లలేదు. ఐదేళ్ల తర్వాత ఆమెలాంటి వాళ్ల మాట చట్టంలోకి ఎక్కింది.

వినడం, నమ్మడం. ఈ రెంటినీ స్త్రీశక్తి సంఘటన తన పని పద్ధతిగా మార్చుకుంది. టేప్‌రికార్డర్ పట్టుకుని ఊళ్లకు బయల్దేరారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లారు. చిట్యాల (చాకలి) ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ, ప్రమీలా తాయి ఇంకా ఎందరో మాట్లాడారు. అడిగిన ప్రశ్నలు కొత్తవి. దళంలో ఉండగా బిడ్డ పుడితే ఏం చేశారు? పోరాటం ఆగాక ఇంటికి వెళ్లిపొమ్మంటే ఎలా అనిపించింది? తుపాకీ పట్టిన చేతికి మళ్లీ చీపురు ఇచ్చినవాళ్లెవరు? అలా పోగైన మాటలు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకమయ్యాయి. వాళ్ల మాటల్ని పుస్తక భాషలోకి సవరించకుండా, వాళ్ల యాసలో, వాళ్ల తడబాటుతో సహా అచ్చువేశారు. తెలుగులో చరిత్ర రాసే పద్ధతినే మార్చిన పుస్తకాల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను. 1989లో ఇంగ్లీషులో ‘వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ’గా వచ్చి ప్రపంచమంతా తిరిగింది.

వీళ్లలో కొందరి చేతుల మీదుగా 1985లో అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రం పుట్టింది. ఇక్కడే మూడో స్టేషన్ సంగతి చెప్పాలి. జామై ఉస్మానియా చుట్టుపక్కల ఇంగ్లీషు బోధనకు పేరుపడ్డ సీఫెల్ ఉంది, ఇప్పుడది ఇఫ్లూ. సూసీ తారు అక్కడ పాఠాలు చెప్పేవారు. తార్నాక వైపు జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వీణా శత్రుఘ్న అక్కడ శాస్త్రవేత్తగా పనిచేసేవారు. ఒకరు సాహిత్యం, ఒకరు వైద్యం. ఒకే రైలు గీత మీద పనిచేసే ఆడవాళ్లు సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో తర్వాతి పదేళ్లలో తేలింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991, 1993లలో ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాలు న్యూయార్క్ నుంచి వెలువడ్డాయి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించడం, దాన్ని సర్కారు నిషేధించడం, 1947లో నిషేధం ఎత్తేయడం అన్న మన తెలుగు కథ ఆ పుస్తకం ముందుమాటలో ప్రపంచ పాఠకులకు చేరింది.

ఇక వీళ్లదే మరో పుస్తకం ‘సవాలక్ష సందేహాలు’. ఆడవాళ్ల ఆరోగ్యం మీద తెలుగులో వచ్చిన ఆ పుస్తకం పేరులోనే దాని మర్యాద ఉంది. నెలసరి, కాన్పు, గర్భసంచి ఆపరేషను, మాత్రలు, నీరసం. డాక్టరు ముందు అడగడానికి నోరురాని సంగతుల్ని సందేహాలుగా గౌరవించి, ఓపికగా జవాబులిచ్చింది. నమ్మడం అంటే కోర్టులో సాక్ష్యాన్ని నమ్మడం ఒక్కటే కాదు. నడుం నొప్పిగా ఉందంటే నమ్మడం కూడా.

లోపాలూ చెప్పుకోవాలి. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే, పట్నం ఇళ్ల, పైకులాల ఆడవాళ్ల గొంతే ఈ సంఘాల్లో ఎక్కువగా వినిపించింది. 1990 మండల్ రిజర్వేషన్ల గొడవ, 1991 చుండూరు దళితుల హత్యాకాండ తర్వాత దళిత స్త్రీలు ఆ మాట సూటిగా అడిగారు: మీరు చెప్పే ‘మనం’లో మేమున్నామా? అడగడంతో ఆగలేదు. గోగు శ్యామల దళిత స్త్రీల రచనలను ‘నల్లపొద్దు’గా సంకలనం చేశారు. ఆమె, జూపాక సుభద్ర కలిసి ‘నల్లరేగటిసాల్లు’ తెచ్చారు. అన్వేషి పనిలోనూ శ్యామల భాగమయ్యారు. అమెరికా సంఘాల్లో తలుపు దగ్గర నిలబడ్డ జల్లెడ ఇక్కడ కనిపించకుండా పనిచేసింది. దాన్ని చూపించినవాళ్లకు ఈ చెలిమి చరిత్రలో మొదటివాళ్లతో సమానమైన చోటు ఇవ్వాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లు అని కాదు, ఆలస్యంగా పిలిచాం అని ఒప్పుకుని.

సికింద్రాబాద్ ఈస్ట్ మారేడ్‌పల్లిలో ఒక మామూలు కాలనీ వీధిలో అస్మిత ఉండేది. 1991లో వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్, ఓల్గా మొదలైనవారు కలిసి పెట్టిన స్త్రీల వనరుల కేంద్రం అది. భర్త కొడితే ఎక్కడికి వెళ్లాలో తెలియని మనిషికీ, పుస్తకం కావలసిన విద్యార్థినికీ అక్కడ చోటు దొరికేది. 2001లో వాళ్లు తెచ్చిన ‘మహిళావరణం’ నా దృష్టిలో ప్రతి కాలేజీ లైబ్రరీలో ఉండాల్సిన పుస్తకం. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు స్త్రీలను ఫొటోలతో, జీవిత కథలతో పరిచయం చేసింది. రాజకీయ నాయకులూ సినిమా తారలూ నర్తకులూ ఉద్యమకారులూ ఒకే పుస్తకంలో, ఒకే మర్యాదతో కనిపిస్తారు.

2024 సెప్టెంబర్‌లో ఐలమ్మ వర్ధంతి రోజున కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. 1924లో మొదలైన ఆ అమ్మాయిల కాలేజీయే ఇప్పుడు విశ్వవిద్యాలయం. ఐలమ్మ 1985లో కన్నుమూశారు. ఆమె మాటలున్న పుస్తకం ఆ మరుసటేడు వచ్చింది. టేప్‌రికార్డర్‌తో ఆ గడప తొక్కినవాళ్లు ఇంకొన్నేళ్లు ఆలస్యం చేసి ఉంటే ఆ గొంతు మనకు మిగిలేది కాదు.

2024 జనవరి చివర్లో సికింద్రాబాద్‌లోని ఉస్మానియా పీజీ కాలేజీ అమ్మాయిల హాస్టల్లోకి రాత్రిపూట బయటివాళ్లు చొరబడ్డారు. అమ్మాయిలు కేకలు వేసి, ఒకరినొకరు లేపుకుని, వాళ్లలో ఒకణ్ని పట్టుకుని పోలీసులకు అప్పగించారు. తెల్లారి అందరూ బయట బైఠాయించారు. గోడ ఎత్తు పెంచమని, లైట్లు వేయమని, కాపలా పెట్టమని అడిగారు. యాభై ఏళ్ల కిందటి సంఘం పేరు వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ రాత్రి వాళ్లు తలుపు గడియలు పెట్టుకుని లోపల ఉండిపోలేదు.